సైటు చిటికెలో తెరుచుకుంటోంది, మరి గూగుల్‌లో ఎందుకు కనిపించడం లేదు?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే మా దూరపు చుట్టం ఒకాయన కొన్నాళ్ల కింద వెబ్‌సైట్ చేయించుకున్నారు. ఫోన్‌లో అడ్రస్ కొట్టగానే తెరుచుకుంటుంది. కానీ గూగుల్‌లో ఎంత వెతికినా ఆయన దుకాణం రాదు. వరంగల్ దుర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరు విని కొందామని వెతికేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లంతా పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలకే పోతున్నారు. "పైసలు పెట్టి సైటు చేయించినా ఫాయిదా ఏంది బేటా?" అని అడిగారు చాచా. ఒక సాయంత్రం కూర్చుని చూశాను.

ముందు ఆ సైటు అంత వేగంగా ఎందుకు వస్తుందో చెప్పాలి. నేను చదివింది బీకాం, అందుకని సరుకు భాషలోనే చెప్తాను. పాత పద్ధతిలో సైటు ఎక్కడో ఒక్క సర్వర్‌లో ఉంటుంది. ఎవరు అడిగినా అక్కడి నుంచే రావాలి. ప్రతి గిరాకీకి బేగంబజార్ దాకా పోయి సరుకు తెచ్చినట్టన్నమాట. ఇప్పటి పద్ధతిలో పేజీ నకళ్లను చాలా ఊళ్లలోని గోదాముల్లో ముందే పెట్టి ఉంచుతారు. దీన్నే 'ఎడ్జ్' అంటున్నారు. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కంపెనీకి హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007లో సీఈఓ అయిన అడోబీ కూడా ఇలాంటి సేవ ఇస్తోంది. అందులో గూగుల్ డాక్స్‌లోనో వర్డ్‌లోనో రాసిందే ఎడ్జ్ మీద పేజీగా మారిపోతుంది.

ఈ వేగానికి గూగుల్ దగ్గర విలువ ఉంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే 'బాగుంది' అని లెక్క. ఆ లెక్క గత 28 రోజుల్లో క్రోమ్ వాడిన మామూలు జనం ఫోన్ల నుంచే వస్తుంది. చిన్న సైటుకు జనం తక్కువైతే అసలు లెక్కే ఉండదు. పైగా వేగం ఒక్కటే మనల్ని మొదటి పేజీకి ఎక్కించదు. వెతికిన మాటకు పేజీలో జవాబు ఉందా అన్నదే ముందు.

చాచా సైటులో అసలు గడబిడ వేరే చోట ఉంది. గూగుల్ తన సెర్చ్ కన్సోల్‌ను ఉచితంగా ఇస్తుంది. అందులో పేజీ అడ్రస్ వేసి లైవ్ టెస్ట్ నొక్కితే గూగుల్‌కు ఆ పేజీ ఎలా కనబడుతుందో తెలుస్తుంది. మాకు వచ్చిన జవాబు 403, అంటే 'లోపలికి రానివ్వలేదు' అని. సైటు చేసిన కుర్రాడు స్పామ్ గోల భరించలేక ఎడ్జ్ దగ్గర 'ఇండియా బయటి వాళ్లకు ప్రవేశం లేదు' అని పెట్టేశాడట. సైట్లు చదువుకుంటూ తిరిగే గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా నుంచే వస్తుంది. తలుపు దాని మొహం మీదే మూసుకుపోయింది. వరంగల్‌లో మాకు సైటు దిబ్బగా తెరుచుకుంటుంటే ఈ అనుమానం ఎలా వస్తుంది? స్పామ్‌ను ఆపాల్సిందే, కాదనను. కానీ అసలైన సెర్చ్ బాట్లకు మినహాయింపు ఇచ్చాకే ఆ పని చేయాలి.

ఇలాంటిదే ఇంకో పొరపాటు భాషల దగ్గర జరుగుతుంది. ఎడ్జ్‌కు మనిషి ఏ దేశం నుంచి వచ్చాడో తెలుస్తుంది కాబట్టి, ఇక్కడివాళ్లకు తెలుగు, బయటివాళ్లకు ఇంగ్లిష్ అని దానంతట అదే మళ్లించేలా పెడతారు. గూగుల్‌బాట్‌కు ఇక తెలుగు పేజీ గానీ ఉర్దూ పేజీ గానీ కనిపించవు. ప్రతి భాషకూ వేరే అడ్రస్ ఇచ్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు పెట్టి, ఎంచుకునే పని చదివేవాళ్లకే వదిలేయడం మేలు.

ఉర్దూ విషయంలో మన వాళ్లకు ఇంకో అలవాటు ఉంది. ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ అందంగా కట్టి, దాన్ని ఫోటోగా మార్చి పెట్టేస్తారు. కంటికి బాగుంటుంది, నిజమే. నస్తాలీఖ్ ఫాంట్ ఫైళ్లు బరువుగా ఉంటాయన్నదీ నిజమే. కానీ ఫోటోలోని అక్షరాలను నమ్ముకుని సెర్చ్‌లో నిలబడలేం. యూనికోడ్‌లో టైప్ చేసి పెడితేనే అది వెతుకులాటకు దొరుకుతుంది.

తలుపు తీశాక పేజీలు ఒక్కొక్కటి చూశాం. అన్నిటికీ టైటిల్ ఒకటే: 'హోమ్'! గోదాము ఎంత దగ్గరున్నా మూట మీద చీటీ లేకపోతే ఎవరు గుర్తుపడతారు? టైటిల్, రెండు లైన్ల వివరణ సీఎంఎస్‌లో మనమే నింపాలి. చాచా సైటులో అంతటా 'డ్యూరీ' అనే ఉంది. కానీ మన ఇళ్లలో జంపఖానా అంటారు, షత్రంజీ అంటారు, కొందరు కార్పెట్ అనే అంటారు. జనం నోట్లో ఉన్న మాటలు పేజీలో సహజంగా కనబడాలి. ఒకే మాటను ఇరవైసార్లు కుక్కితే మాత్రం అది స్పామ్ కింద పోతుంది.

నకళ్ల పద్ధతిలో పాత సరుకు బెడద కూడా ఉంటుంది. ధర మార్చినా గోదాముల్లో పాత నకలే ఉండిపోతే, రంజాన్‌కు ముందు పెట్టిన తగ్గింపు ధరే పండుగ అయిపోయాక కూడా కనిపిస్తుంది. గిరాకీ వచ్చి ఆ ధరకే ఇమ్మంటాడు. మార్పు చేసిన ప్రతిసారీ పాత నకలు చెరిగిపోయేలా సెట్ చేసి ఉందా అని చేసిచ్చినవాళ్లను అడగండి. తయారీ సమయంలో వాడిన పరీక్ష అడ్రస్ ఇంకా తెరుచుకుంటుంటే అది గూగుల్‌కు చేరకుండా చూడమనండి. లేదంటే ఒకే దుకాణం రెండు చోట్ల ఉన్నట్టు లెక్క.

ఇవన్నీ సరిచేశాక సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఇచ్చాం. ఈసారి లైవ్ టెస్ట్‌లో 403 రాలేదు, పేజీ మొత్తం కనిపించింది. మొదటి పేజీలోకి ఎప్పుడొస్తామని చాచా రోజూ అడుగుతున్నారు. అది గూగుల్ చేతిలో ఉంది, డబ్బిస్తే ర్యాంకు గ్యారంటీ అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దని చెప్పాను. ఇప్పుడు ఆయన ప్రతి జంపఖానాకు కొలతలు, నూలు రకం, నేయడానికి పట్టే రోజులు నోట్‌బుక్‌లో రాయిస్తున్నారు. టైప్ చేసే పని నాకే పడింది.