లూచేరాలోని 'దారుల్ ఇల్మ్'

దక్షిణ ఇటలీలోని అపూలియా ప్రాంతంలో లూచేరా అనే పట్టణం ఉంది. 13వ శతాబ్దంలో అది ముస్లిముల పట్టణం. అప్పట్లో అక్కడ ఒక 'దారుల్ ఇల్మ్', అనగా విద్యాలయం, నిర్మాణం ప్రారంభమైంది. నేడు అది కానరాదు. ఒక అరబీ చరిత్ర గ్రంథంలోని ప్రస్తావనే దాని ఆనవాలు.

లూచేరా ముస్లిములు తమంతట తాము వచ్చి స్థిరపడినవారు కారు. సిసిలీ ద్వీపంలో తిరుగుబాటు చేసిన కారణంగా రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి 1220ల నుండి వారిని బలవంతంగా అక్కడికి తరలించాడు. అయితే వారి ధర్మానికి అడ్డుపడలేదు. వారి నుండి పన్నులూ, సైన్యానికి విలుకాండ్రనూ పొందాడు.

1261లో సుల్తాన్ బైబర్స్ రాయబారిగా ఇబ్నె వాసిల్ అనే పండితుడు ఫ్రెడరిక్ కుమారుడైన మాన్‌ఫ్రెడ్ రాజు వద్దకు వెళ్ళాడు. ఆయన తన 'ముఫర్రిజుల్ కురూబ్' గ్రంథంలో లూచేరాను పేర్కొన్నాడు. అక్కడి వారంతా సిసిలీ ముస్లిములేననీ, జుమా నమాజు జరుగుతుందనీ, ఇస్లాం ఆచారాలు బహిరంగంగానే సాగుతున్నాయనీ తెలిపాడు. హేతు శాస్త్రాల అధ్యయనం కొరకు రాజు అక్కడ దారుల్ ఇల్మ్ నిర్మాణం మొదలుపెట్టాడని కూడా వ్రాశాడు.

అనువాదకుడు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. 'మొదలుపెట్టాడు' అన్న చోట 'కట్టించాడు' అని వ్రాస్తే పునాది కాస్తా భవనమవుతుంది. 'విశ్వవిద్యాలయం స్థాపించాడు' అంటే లేని చరిత్ర పుడుతుంది. గత వైభవంపై మమకారం సహజమే. కాని సాక్షి చెప్పిన దానికి మించి మనం చెప్పరాదు.

చెప్పినంత మాత్రమే స్వీకరించినా అది చిన్న విషయం కాదు. క్రూసేడ్ యుద్ధాల కాలంలో ఒక క్రైస్తవ రాజు ముస్లిముల పట్టణంలో విద్యాలయం తలపెట్టాడు. ఇబ్నె వాసిల్ స్వయంగా ఆ రాజు కొరకు తర్కశాస్త్రంపై ఒక గ్రంథం రచించాడు.

1266లో బెనెవెంతో యుద్ధంలో మాన్‌ఫ్రెడ్ హతుడయ్యాడు. అతనిని ఓడించిన ఆంజూ వంశపు చార్లెస్ 1269లో లూచేరాను ముట్టడించి లొంగదీసుకున్నాడు. 1300 ఆగస్టులో రెండవ చార్లెస్ ఆ ముస్లిం సమాజాన్నే అంతం చేశాడు. ప్రజలలో అనేకులను బానిసలుగా అమ్మివేశారు. పట్టణానికి మరియమ్మ పేరు పెట్టి, పెద్ద చర్చి కట్టారు. ఇబ్నె వాసిల్ అంతకు రెండేళ్ళ ముందే, 1298లో, మరణించాడు.

రాజు ఆదరణ ఒక్కటే ఆధారంగా నిలిచిన సమాజం ఆ ఆదరణతోపాటే కూలిపోయింది. భవనం పోయినా ఒక రాయబారి కలం దాని పేరును నిలిపింది. ఆ పేరును ఉన్నది ఉన్నట్లుగా అందించడమే మన బాధ్యత.