పిల్లికి మచ్చ లేదు, మరి పిల్లకు తామర ఎక్కడిది?

నిజాంసాగర్ నీళ్లతో వరి పండే మన బాన్సువాడ ప్రాంతంలో ఇంట్లో వడ్ల బస్తాలుంటే ఎలుకలు, ఎలుకలుంటే పిల్లి తప్పదు. పగలు బస్తాల మీద పడుకుంటది, రాత్రి పిల్లల బొంతలో దూరుతది. కొన్నాళ్లకు పిల్ల తలలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడితే మనం పేనుకొరుకుడు అనుకుని వెల్లుల్లి రుద్దుతాం. తగ్గకపోతే మందుల షాపులో ట్యూబు అడుగుతాం. అక్కడే తప్పులో కాలేస్తున్నాం.

పేనుకొరుకుడు అయితే ఊడిన చోట చర్మం నున్నగా ఉంటుంది. తామర అయితే పొట్టు రాలుతుంది, వెంట్రుకలు విరిగి వరి కొయ్యకాళ్లలా మిగులుతాయి.

దీన్ని తెచ్చేది పురుగు కాదు, శిలీంధ్రం. వరిలో అగ్గితెగులు తెచ్చేదీ శిలీంధ్రమే గానీ, జాతి వేరు. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోస్పోరం కేనిస్. కేనిస్ అంటే కుక్కది అని అర్థం, కానీ దాని అసలు కాపురం పిల్లి మీదే! కొన్ని పిల్లులకు చెవులు, మూతి, కాళ్ల దగ్గర బొచ్చు ఊడుతుంది. కొన్నింటికి, ముఖ్యంగా బొచ్చు ఒత్తుగా ఉన్నవాటికి, ఒక్క మచ్చా కనపడదు. పైకి గట్టిగా ఉన్న విత్తనంలో తెగులు దాగినట్టు బొచ్చులో బీజాలు దాగుతాయి. రాలిన బొచ్చులో, దుమ్ములో అవి ఏడాది పైన కూడా బతకగలవు.

అనుమానముంటే పశువుల డాక్టరు కొత్త టూత్‌బ్రష్షుతో పిల్లి ఒళ్లంతా దువ్వి ల్యాబుకు పంపిస్తారు. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. వుడ్స్ దీపం కింద కొన్ని వెంట్రుకలు పచ్చగా మెరుస్తాయి. మెరవలేదని తామర లేదనుకోవద్దు.

అట్లని అన్నింటికీ పిల్లిని తిట్టకండి. నాట్లలో తడిబట్టలతో ఉండి గజ్జల్లో తెచ్చుకునే తామర ఎక్కువగా మనిషి నుంచి మనిషికి, తువ్వాళ్లతో వచ్చేదే. దూడల కళ్ల చుట్టూ బూడిదరంగు పక్కులు కడితే అది ఇంకో జాతి. అదీ మనిషికి అంటుతుంది.

తలలో తామరకు పైపూత చాలదు, శిలీంధ్రం వెంట్రుకలోనే ఉంటుంది. గ్రైసియోఫల్విన్ వంటి నోటి మందు పిల్ల బరువును బట్టి వారాల తరబడి వాడాలి, అదీ చర్మ డాక్టరు చెప్పినట్టు. క్లోబెటసాల్, బెటామెథసోన్ కలిసిన ట్యూబులు సొంతంగా రాయొద్దు. దురద తగ్గుతుంది, మచ్చ రూపు మారుతుంది, తామర మాత్రం లోపల్లోపల పాకుతూనే ఉంటుంది.

పిల్లిని సంచిలో కట్టి ఊరవతల వదిలి రావడం పరిష్కారం కాదు. బీజాలు ఇంట్లోనే ఉంటాయి, వడ్లు ఎలుకల పాలవుతాయి. ఫినాయిలు, కిరసనాయిలు, పాత ఇంజన్ ఆయిలు అసలే పూయొద్దు. పిల్లి ఒళ్లు నాక్కుంటది, ఫినాయిలు దానికి విషం. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నింటినీ డాక్టరుకు చూపించండి. మందు సాగినన్నాళ్లు వాటిని పిల్లల పక్కలోకి రానీయకండి. బొంతలు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. పిల్లి పడుకున్న పాత గోనెసంచిని, పిల్ల వాడిన దువ్వెనను దాచకుండా పారేయండి.