గుమ్మడి నిల్వకు తొడిమే ప్రాణం

వానాకాలంలో పెట్టిన గుమ్మడి చలికాలంలో కోతకొస్తుంది. అందరి కాయలూ ఒక్కసారే సంతకు చేరితే ధర పడిపోతుంది. ఇంట్లో ఉంచితే కుళ్లిపోతాయన్న భయంతో చిన్న రైతులు వచ్చిన రేటుకే తెగనమ్ముకుంటారు. పద్ధతిగా కోసి దాచుకుంటే తీపి గుమ్మడి రెండు మూడు నెలలు, బూడిద గుమ్మడి ఇంకా ఎక్కువ కాలం నిల్వ ఉంటాయి. ఇందుకు పెద్దగా ఖర్చు కూడా కాదు.

కోత ఇలా...

కోతకు వారం పది రోజుల ముందే తడులు ఆపెయ్యాలి. తొడిమ ఎండి గట్టిపడాలి. తొక్క మీద గోరు నొక్కితే దిగకూడదు. బూడిద గుమ్మడికైతే నూగు రాలిపోయి, ఒళ్లంతా తెల్లటి బూడిద పట్టాలి. లేత కాయ నిల్వకు పనికిరాదు.

కాయను తెంపకుండా, రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయాలి. తొడిమ ఊడితే ఆ గాయం నుంచే కుళ్లు లోపలికి పోతుంది. అందుకే తొడిమ పట్టుకుని కాయను ఎత్తకూడదు. బండిలోకి విసరకూడదు.

ఆరబెట్టడం

కోసిన కాయల్ని వారం పది రోజులు గాలి తగిలే పొడి చోట, లేత ఎండలో ఆరనివ్వాలి. దీంతో తొక్క గట్టిపడుతుంది, చిన్న చిన్న గీతలు మానుతాయి. రాత్రిపూట మంచులో వదలొద్దు. నీళ్లతో కడగొద్దు. మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బూడిద గుమ్మడి మీది బూడిదను మాత్రం తుడవకూడదు. అది మైనంలాంటి పూత, కాయలోని తేమను కాపాడుతుంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నది ఈ బూడిద అంటిందేమోననే కదా!

ఎక్కడ పెట్టాలి?

ఎండ పడని, గాలాడే పాక గానీ వసారా గానీ మేలు. వెదురు మంచె మీద ఎండుగడ్డి పరిచి, కాయకూ కాయకూ తగలకుండా ఒకే వరుసలో పేర్చాలి. చుట్టకుదుళ్ల మీద పెట్టినా, ఉట్టిలో వేలాడదీసినా సరే. కుప్పగా పోస్తే అడుగువి నలిగి కుళ్లుతాయి. మాగే అరటి గెలల పక్కన ఉంచొద్దు. 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఎక్కువ రోజులుంచినా దెబ్బతింటాయి గనుక, కోసిన ముక్కలకే తప్ప కాయకు ఫ్రిజ్ పనికిరాదు.

వారానికోసారి ప్రతి కాయనూ తిప్పి చూడాలి. మెత్తబడింది వెంటనే తీసెయ్యకపోతే పక్కవాటికీ కుళ్లు అంటుకుంటుంది.

ఏవి ముందు అమ్మాలి?

తొడిమ ఊడినవి, దెబ్బ తగిలినవి, పండుఈగ కుట్టినవి ముందు అమ్మేసుకోవాలి. గట్టి కాయలే దాచాలి. నిల్వలో కాయ బరువు కొంత తగ్గుతుంది. ఆ తరుగు పోనూ ధర గిట్టుబాటయితేనే లాభమని లెక్క వేసుకోవాలి. వడియాలు పెట్టే ఎండల రోజుల దాకా బూడిద గుమ్మడిని ఆపుకోగలిగితే, కాయ అడిగి కొనేవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు.