భయపెట్టే బొమ్మలు - మురిపించే వేషాలు

పిల్లలకు భయమంటే ఎంత ఇష్టమో తల్లులకు తెలియనిది కాదు. అన్నాలవేళ రాక్షసుడి కథ చెప్పమని వేధించేదీ వాళ్ళే. కథలో రాక్షసుడు అడుగు పెట్టగానే చెవులు మూసుకుని అమ్మ చెంగులో తల దూర్చేదీ వాళ్ళే. పోనీ గదా అని కుందేలు కథ మొదలుపెడితే ఊరుకుంటారా? ఊరుకోరు. "రాక్షసుడేడీ?" అంటారు. పెద్దయినా మనిషికి ఈ గుణం పోదు. కాకపోతే పెద్దవాళ్ళు పైకి ఒప్పుకోరు. అందమైన బొమ్మను చూసి 'బాగుంది' అని ముందుకు సాగిపోతాము. కోరలూ గుడ్లూ ఉన్న బొమ్మ దగ్గర మాత్రం రెండు నిమిషాలు నిలబడి, నవ్వుకుని గాని కదలము.

మన తిరుపతి, చిత్తూరు సీమల్లో ఈ వింత రుచికి కొదవ లేదు. ఎక్కడికో పోనక్కరలేదు. చెన్నై నుంచి నెల్లూరు పోయే రహదారి మీద తడ దగ్గర పడమటికి తిరిగితే శ్రీసిటీ వస్తుంది. 2008లో మొదలైన పారిశ్రామిక నగరం. దేశదేశాల కంపెనీలు అక్కడ కొలువుతీరి ఉన్నవి. లోపల ఎన్ని యంత్రాలు తిరిగితేనేమి, చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త ఇల్లు లేస్తున్నదంటే దాని నెత్తిన దిష్టిబొమ్మ లేవవలసిందే!

గుమ్మడికాయ మీద మీసం

దిష్టిబొమ్మలో ఉన్న తర్కం చాలా తేలిక. అసూయపడే కన్ను మొట్టమొదట దేని మీద పడుతుందో ఆ దెబ్బ దానికే తగులుతుంది. కాబట్టి ఇంటికన్నా ముందు కన్ను పడే వస్తువు ఒకటి కావాలి. అది ఎంత వికారంగా ఉంటే అంత మేలు. బూడిద గుమ్మడికాయకు ఎర్రని నాలుక, తెల్లని కోరలు, బయటికి పొడుచుకువచ్చిన గుడ్లు రాస్తారు. అంతటితో ఆగితే భయమే మిగిలేది. కాని బొమ్మ రాసేవాడు చివరన ఒక బుర్రమీసం దిద్దుతాడు. దాంతో రాక్షసుడు కాస్తా ఊళ్ళో కోపిష్టి పెదనాన్నగారిలా తయారవుతాడు! భయమూ నవ్వూ ఒకే మొగంలో ఇమడటమే ఈ కళలో కిటుకు.

ఈ కిటుకు గుమ్మడికాయతో పుట్టింది కాదు. గుడిలో ఉత్సవ విగ్రహం వెనుక మకరతోరణం ఉంటుంది గదా, దాని నడినెత్తిన గుడ్లురుముతూ ఉండే సింహపు మొగాన్ని ఎప్పుడైనా పరకాయించి చూశారా? దానికి మొండెం ఉండదు. పేరు కీర్తిముఖం. దాని కథ ఇది: జలంధరుడి దూతగా రాహువు శివుడి దగ్గరకు వచ్చి అహంకారంగా మాట్లాడాడు. శివుడి కోపం నుంచి ఆకలిగొన్న భూతం ఒకటి పుట్టి రాహువు మీదికి ఉరికింది. రాహువు శరణు వేడాడు. శివుడు వాణ్ణి వదిలెయ్యమన్నాడు. 'మరి నా ఆకలి మాట ఏమిటి?' అన్నది భూతం. 'నిన్ను నువ్వే తిను' అన్నాడు శివుడు. అది కాళ్ళతో మొదలుపెట్టి మొగం దాకా తినేసింది! శివుడు ముచ్చటపడి, నా గుడి వాకిట నీకు శాశ్వతంగా చోటిచ్చానన్నాడు. ఇంత ఘోరమైన కథ నెత్తిమీద ఉండగా, దాని కిందనే నిలబడి మనం ప్రశాంతంగా తీర్థం పుచ్చుకుంటున్నాము.

ఏడు రోజుల వేషాలు

ఇక తిరుపతి గంగమ్మ జాతర. కొండమీద స్వామిని చూడటానికి దేశమంతా వస్తుంది. కొండకింద ఆయనకు చెల్లెలని చెప్పుకునే తాతయ్యగుంట గంగమ్మను గురించి పైవాళ్ళకు తెలిసింది తక్కువ. ఏటా మే నెల ఎండల్లో ఒక మంగళవారం రాత్రి జాతర చాటింపు వేస్తారు. చాటింపు అయిన తరువాత జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండరాదని కట్టుబాటు.

పూర్వం ఒక పాలెగాడు ఈ ప్రాంతాన్ని ఏలుతూ ఆడపిల్లలను చెరిచేవాడట. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నువేశాడు. ఆమె ఉగ్రరూపం చూడగానే పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి లాగటానికి ఆమె రోజుకొక వేషం వేసి ఊరంతా గాలించింది. ఆ వేషాలే నేటికీ జాతరలో నడుస్తున్నవి. అమ్మవారి తరపున వాటిని వేసే హక్కు కైకాల వంశంవారిది. మొక్కుకున్న వాళ్ళు ఎవరైనా తామూ వేసుకుంటారు.

బుధవారం బైరాగి వేషం: ఒళ్ళంతా తెల్లసుద్ద. గురువారం బండ వేషం: ఒళ్ళంతా కుంకుమ. శుక్రవారం తోటి వేషం: ఒళ్ళంతా బొగ్గు, నడుముకు వేపాకు. నిన్న తెల్లగా కనిపించిన పక్కింటి కుర్రవాడు ఇవాళ ఎర్రగా, రేపు నల్లగా గుమ్మం ముందు ప్రత్యక్షమవుతాడు. నోటికి వచ్చిన బూతులు తిట్టటం కూడా ఈ వేషాల్లో భాగమే. అది పాలెగాణ్ణి రెచ్చగొట్టే తిట్టు గనుక ఆ వారం రోజులూ తప్పు లేదు! శనివారం దొర వేషం. దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వస్తాడు, తల తెగుతుంది. ఆ తలను ఊళ్ళో ఊరేగిస్తారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆదివారం మాతంగి వేషంలో అమ్మవారు ఆ పాలెగాడి భార్యను ఓదార్చటానికి వెళుతుంది. చంపిన చేత్తోనే కన్నీళ్ళు తుడుస్తుంది. దుష్టుణ్ణి చంపే కథలు మనకు వెయ్యి ఉన్నవి. చంపిన మర్నాడు వాడి ఇంటికి పరామర్శకు పోయే కథలు ఎన్ని ఉన్నవి? సోమవారం సున్నపుకుండల వేషం. మంగళవారం అసలు జాతర. వెదురుతో, రంగుకాగితాలతో గోపురాల్లా కట్టిన సప్పరాలను మొక్కుకున్నవాళ్ళు ధరించి గుడి చుట్టూ తిరుగుతారు.

మగవాళ్ళు చీరకట్టి, జడవేసి, పూలు ముడిచి స్త్రీవేషంలో రావటం ఈ జాతరలో మామూలు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతరను దగ్గరుండి చూసి 2013లో ఒక పూర్తి గ్రంథమే ప్రకటించారు. లోకం స్త్రీరూపం దాల్చే వారం ఇది అన్న భావం ఆ పుస్తకం పేరులోనే ఉంది. ఆడవాళ్ళను బాధించినవాడు చచ్చిన పండుగను మగవాడు చీరకట్టి జరుపుకోవటం వట్టి వినోదం కాదు. అయినా మన మధ్యతరగతి ఇళ్ళలో కొందరు బూతులకు జడిసి ఆ వారం కిటికీలు బిగించుకుంటారు. బూతు చెవిన పడదు, నిజమే. మాతంగి ఓదార్పు కూడా కంట పడదు.

ముక్కలైతేనే మోక్షం

మంగళవారం రాత్రి గుడి ముందు బంకమన్నుతో అమ్మవారి బ్రహ్మాండమైన మొగం తీర్చిదిద్దుతారు. అదే విశ్వరూపం. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో వచ్చిన వ్యక్తి ఆ మొగం చెంప తెంచుతాడు. అంతే! జనం విరుచుకుపడతారు. పిడికెడు మట్టి దొరికితే చాలు. ఇంటికి తెచ్చి దాచుకుంటారు, మందుగా వాడుకుంటారు. చేసిన బొమ్మ నాలుగు కాలాలు ఉండాలని ఏ శిల్పి అయినా కోరుకుంటాడు. ఇక్కడ మాత్రం బొమ్మ ముక్కలు కాకపోతే పండుగే పూర్తికాదు.

దీనికి ఎదురుగా ఇంగ్లండులోని ఒక వింత చెప్పుకోవాలి. ససెక్స్ లోని బ్రాంబర్ గ్రామంలో వాల్టర్ పాటర్ (1835-1918) అనే ఆయన చచ్చిన పిల్లికూనలకూ కుందేళ్ళకూ లోపల కూరి, బట్టలు తొడిగి, పెళ్ళిళ్ళూ బడులూ జరుపుతున్నట్టు గాజుపెట్టెల్లో అమర్చాడు. చూసినవాళ్ళకు నవ్వూ జలదరింపూ ఒకేసారి వచ్చేవి. తరాల తరబడి జనం చూసిన ఆ ప్రదర్శన 2003లో వేలంపాటలో ముక్కచెక్కలయింది. తలా ఒక పెట్టె కొనుక్కుపోయారు. ఉంచాలనుకున్న వింత చెదిరిపోయింది; చెదరగొట్టే గంగమ్మ మొగం ప్రతి ఏడూ మళ్ళీ లేస్తున్నది. మట్టి చవక అన్నది ఒక్కటే కారణం కాదు. ఆ మొగం ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక.

కేతిగాడు ఏమైనట్టు?

అన్ని వింతలకూ ఈ అదృష్టం లేదు. తోలుబొమ్మలాటే చూడండి. మేకతోలును పలచగా, వెలుతురు పారేటట్టు చేసి, రంగులు అద్ది, చిన్న ఉలులతో వందల బెజ్జాలు కొట్టి, తెర వెనుక దీపం పెడితే నగలన్నీ వెలుగులో తళతళలాడతవి. రావణుడి పది తలలు తెరమీద ఊగితే ముందు వరస పిల్లలు వెనక వరసకు పరుగెత్తేవాళ్ళు. ఆ భయం ముదరకముందే జుట్టుపోలిగాడూ, బంగారక్కా, కేతిగాడూ తెరమీదికి దూకి తన్నుకునేవాళ్ళు. వాళ్ళకు రామాయణంలో ఏ సంబంధమూ లేదు. కాని వాళ్ళు లేకుంటే లక్ష్మణమూర్ఛను తెల్లవార్లూ ఎవరు చూడగలరు?

సినిమాలూ టీవీలూ వచ్చి రాత్రంతా కూర్చునే జనం తగ్గిపోయారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కళాకారులు అదే తోలుతో, అదే ఉలితో దీపాలకు తొడుగులూ గోడ బొమ్మలూ చేసి బతుకుతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చేతిపని నిలిచింది, సంతోషమే. కాని దీపపు తొడుగు మీద కేతిగాణ్ణి రాస్తే అతను పలకడు. పలికించే గొంతు కావాలి. వినే ఊరు కావాలి.

కాబట్టి ఈసారి చేతిపనుల అంగడికి వెళ్ళినప్పుడు రాముణ్ణీ హనుమంతుణ్ణీ మాత్రమే బేరమాడి రాకండి. 'బంగారక్క ఉందా? కేతిగాడున్నాడా?' అని అడగండి. లేరంటే, చెయ్యమని చెప్పి రండి. ఇంటికి తెచ్చి దీపం ముందు పెట్టి ఆడించండి. మాటలు రావంటారా? మీ ఇంట్లో బామ్మగారుంటే ఆమెకు తప్పక వచ్చి ఉంటవి.