త్రిభుజభేదములు: ఆబాధావిచారము

భుజములనుబట్టి త్రిభుజము సమబాహువు, సమద్విబాహువు, విషమబాహువు నని మూఁడు విధములు. కోణములనుబట్టి లఘుకోణము, లంబకోణము, గురుకోణము నని మఱి మూఁడు విధములు. ఈ రెండు విభాగములును బడులలో వేర్వేఱుగా వల్లె వేయింపఁబడుటచే, వీనికిఁ బరస్పరసంబంధము లేదను భ్రాంతి బాలురకుఁ గలుగుచున్నది. మన ప్రాచీనగణితమం దీ భ్రాంతికి మంచి విఱుగుడు గలదు.

క్రీ. శ. 9వ శతాబ్దమున మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమునందు త్రిభుజమును సమము, ద్విసమము, విషమము నని భుజములనుబట్టియే విభజించెను. పావులూరి మల్లన తెనిఁగించిన దీ గ్రంథమునే. కోణము నెఱుఁగుటకు మాత్రము మనవారి లంబవిధి చాలును.

శీర్షమునుండి భూమికి దింపిన లంబము చేసెడి భూఖండములకు ఆబాధలని పేరు. రెండు భుజముల వర్గముల యంతరమును భూమిచే భాగింపవలెను. ఆ లబ్ధమును భూమికిఁ గూర్చి యొకసారియు, భూమినుండి తీసి యొకసారియు సగము చేసినచో ఆబాధలు వచ్చును.

భాస్కరాచార్యుఁడు 1150లో రచించిన లీలావతిలో దీనికి రెండుదాహరణము లున్నవి. మొదటిదానియందు భూమి 14, భుజములు 13, 15. లబ్ధము 4, ఆబాధలు 9, 5, లంబము 12. లంబము లోపలనే పడినది గావున భూమికోణములు రెండును లఘువులు. రెండవదానియందు భూమి 9, భుజములు 10, 17. లబ్ధము 21, ఆబాధలు 15, ఋణము 6, లంబము 8. ఋణము దిక్కు మాఱుటను దెలుపును. అనఁగా లంబము భూమికి వెలుపలఁ బడినది. కావున 9, 10 భుజముల నడిమి కోణము గురువు. భూమి 3, భుజములు 4, 5 అయినచో నొక ఆబాధ శూన్యము. అప్పుడు భుజమే లంబము, కోణము లంబకోణము.

ఇచ్చట నొక జాగ్రత్త వలయును. ఆబాధలు భూమికోణములనే తెలుపును గాని శీర్షకోణమును దెలుపవు. పెద్దభుజమును భూమిగాఁ గొన్నచో లంబ మెల్లప్పుడును లోపలనే పడును. కాఁబట్టి చిన్నభుజములలో నొకదానిని భూమిగాఁ గొనవలెను. లేదా పెద్దభుజముయొక్క వర్గమును తక్కిన రెంటి వర్గముల మొత్తముతోఁ బోల్చవలెను: తక్కువైన లఘుకోణము, సమమైన లంబకోణము, ఎక్కువైన గురుకోణము.

సమబాహువునందు వర్గాంతరము శూన్యమగుటచే, ఏ భుజము భూమియైనను లంబము నడుమనే పడును. కనుక నది లఘుకోణమే. మూఁటిని మూఁటితోఁ గూర్పఁగా భేదములు తొమ్మిదని తోఁచినను, సమబాహువునకు లంబకోణ గురుకోణములు పొసఁగవు గావున నిజమునకు ఏడే. ఈ యేడింటిని బాలురచే గీయించి, ఆబాధలను గణింపించినచో నామములు వల్లింపవలసిన పనియే యుండదు.