ఆయిస్టర్ పిల్లకు వాషింగ్ సోడా

అమెరికా పశ్చిమ తీరాన, ఆరెగాన్ రాష్ట్రంలోని నెటార్ట్స్ అఖాతం ఒడ్డున విస్కీ క్రీక్ అనే హేచరీ ఉంది. భీమవరం రైతు రొయ్య పిల్ల కోసం హేచరీ వైపు చూసినట్టే, అక్కడి ఆయిస్టర్ (ఆల్చిప్ప) రైతులు దీనివైపు చూస్తారు. 2007లో తొట్లలో పిల్ల కోట్ల కొద్దీ చచ్చిపోసాగింది. ముందు విబ్రియో బ్యాక్టీరియాను అనుమానించి నీటిని శుద్ధి చేశారు. చావులు ఆగలేదు.

అసలు కథ గాలితో మొదలవుతుంది. వేసవిలో అక్కడ ఉత్తరపు గాలి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుగా, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది. ఆ చోటికి లోతుల్లోని చల్లటి నీరు పైకొస్తుంది. ఇదే అప్‌వెల్లింగ్. (విశాఖ తీరంలోనూ వేసవి మొదట్లో ఇలా జరుగుతుందని 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ చూపించాడు.)

ఆ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దండిగా ఉంటాయి. ఎండ తగలగానే వృక్షప్లవకాలు విరగపెరుగుతాయి. ఆయిస్టర్ వాటిని మొప్పలతో వడగట్టుకుని తింటుంది. రైతుకు మేత ఖర్చే లేదు!

మరి పిల్ల ఎందుకు చచ్చింది? ఆ ఎరువు ఎక్కడిదో చూడాలి. చచ్చిన ప్లవకాలు అడుగుకు రాలి కుళ్లుతాయి. నైట్రేట్ వచ్చేది ఆ కుళ్లులోంచే, కార్బన్ డయాక్సైడ్ వచ్చేదీ అందులోంచే. రెండోది వద్దనుకుంటే మొదటిదీ రాదు. పైగా మన పొగగొట్టాల నుంచి సముద్రం పీల్చుకున్నది అదనం. దాంతో హేచరీ తోడుకునే నీటి పీహెచ్ పడిపోయి, గుల్లకు కావలసిన కార్బనేట్ తగ్గుతుంది.

పెద్ద ఆయిస్టర్ దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. పిల్ల మాత్రం పుట్టిన రెండు రోజుల్లోనే మొదటి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి దానికి సరిగ్గా తినడం రాదు, గుడ్డులోంచి తెచ్చుకున్న కాస్త శక్తే ఆధారం. కార్బనేట్ చాలని నీటిలో అదంతా గుల్లకే ఖర్చయిపోతుంది. దెబ్బ తొలిరోజే తగిలినా ఎదుగుదల ఆగడం కొన్నాళ్లకు గానీ బయటపడదు. కారణం చిక్కకపోవడానికి ఇదీ ఒక కారణమే.

హేచరీవాళ్లు ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలతో కలిసి, నీటి తీరుకూ పిల్ల ఎదుగుదలకూ ఉన్న సంబంధంపై తీసిన లెక్కలు 2012లో అచ్చయ్యాయి. మందు సులువే. నీటిని పొద్దున్నే తోడకుండా మధ్యాహ్నం దాటాక తోడాలి. అప్పటికి అఖాతంలోని గడ్డి, ప్లవకాలు ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను కొంత లాగేసి ఉంటాయి. ఆపైన సోడియం కార్బనేట్, అంటే వాషింగ్ సోడా కలపాలి. పీహెచ్ చూసి చెరువులో సున్నం చల్లే మన రైతుకు ఇదేమీ వింత కాదు. పిల్ల మళ్లీ నిలిచింది. గుల్ల గట్టిపడ్డాక రైతుల చేతికి వెళ్లి, ఆ తీరపు అఖాతాల నీటిలోనే, ఆ ప్లవకాలే తింటూ పెరుగుతోంది.