మీకు తెలుసా? హైదరాబాద్ గడ్డ మీద డెత్ మెటల్

మెటల్ సంగీతం అనగానే అమెరికా, యూరప్ గుర్తొస్తాయి. ఆ కోవలో అతి ఉగ్రమైన డెత్ మెటల్ వాయించే బ్యాండ్ మన హైదరాబాద్‌లోనూ పుట్టింది. పేరు గాడ్‌లెస్. 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అనే చిన్న ఆల్బమ్‌లు, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. పాటలు ఇంగ్లీషులోనే. సినిమా పాటే సంగీతంగా చలామణి అయ్యే చోట, పెద్ద కంపెనీల అండ లేకుండా ఇంత దూరం రావడం మామూలు సంగతి కాదు.

డెత్ మెటల్ పాడే గొంతు వింటే ఉత్త అరుపులా ఉంటుంది. కానీ అది సాధన చేసి పట్టిన విద్య. అసలు స్వరతంత్రులకు కాస్త పైన మరో జత మడతలు ఉంటాయి. మామూలు మాటకు వాటితో పెద్దగా పని ఉండదు. ఊపిరిని పొట్టలోంచి అదుపుగా వదులుతూ వాటిని కంపింపజేస్తే ఆ గర్జన పుడుతుంది. పద్ధతి తెలియకుండా గొంతు చించుకుంటే మాత్రం బొంగురుపోతుంది.

డ్రమ్ముల వేగం ఇంకో ఎత్తు. రెండు పాదాలతో రెండు పెడల్స్ తొక్కుతుంటే ఒక్కో దెబ్బ విడిగా చెవికి అందదు. పీర్ల పండక్కి డప్పుల మోత విన్న ఆస్పరి, ఆదోని ఊళ్ల చెవులకు ఆ ఉధృతి కొత్తేమీ కాదు.

మొదటిసారి వినేవాళ్లు 'స్వార్మ్'తో మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్ సౌండ్ మాత్రం సగానికి మించనీయకండి.